దోహదం

'దోహదం' అనే మాటను మనం ఈనాడు చాలా తేలికగా వాడుతున్నాం. రహదారులు అభివృద్ధికి దోహదం చేస్తాయంటాం. వ్యాయామం ఆరోగ్యానికి దోహదపడుతుందంటాం. తోడ్పాటు అనే అర్థంలో ఆ మాట పత్రికల్లోనూ ఉపన్యాసాల్లోనూ అరిగిపోయింది. దాని తొలి అర్థం వేరు. గర్భవతికి కలిగే కోరికను సంస్కృతంలో దోహదం అన్నారు. తెలుగులో అది వేవిళ్ల కోరిక. దాన్ని తీర్చడం ఇంటివారి ధర్మం. కవులు ఈ భావాన్ని మనుషుల నుంచి చెట్లకు విస్తరింపజేశారు. పూయబోయే చెట్టుకూ ఒక కోరిక ఉంటుందనీ, అది తీరితేనే మొగ్గ తొడుగుతుందనీ వర్ణించారు. అశోకానికి స్త్రీ పాదతాడనం కావాలి. పొగడకు ఆమె పుక్కిలించిన మద్యం కావాలి. గోరంటకు కౌగిలి, తిలకానికి చూపు. కాళిదాసు 'మాళవికాగ్నిమిత్రం'లో ధారిణీదేవి ఉయ్యాల నుంచి పడి కాలికి దెబ్బ తగిలించుకుంటుంది. అశోకాన్ని తన్నవలసిన పనిని మాళవికకు అప్పగిస్తుంది. అక్కడి నుంచి ఆ నాటకం నడకే మారిపోతుంది.

ఈ ఘట్టాన్ని తరగతిలో చెప్పినప్పుడల్లా విద్యార్థులు నవ్వుతారు. తంతే చెట్టు పూయడమేమిటని అడుగుతారు. నేనూ వారితో కలిసి నవ్వి, ఇది కవిసమయం, దీన్ని నమ్మనక్కర లేదని చెప్పి ముందుకు సాగేవాణ్ని. చెట్టుకు కోరిక ఉంటుందన్నది అంత నవ్వదగ్గ సంగతి కాదని నాకు తెలియజెప్పినవారు ఒక బొగ్గుగని కార్మికుడు. అందుకు ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు.

మేముండే జ్యోతినగర్ రామగుండం తాపవిద్యుత్ కేంద్రాన్ని ఆశ్రయించి వెలసిన ఊరు. ఆ కేంద్రంలో తొలి యూనిట్ 1983లో విద్యుదుత్పత్తి ప్రారంభించింది. పక్కనే గోదావరిఖని. అటు సింగరేణి గనులు, ఇటు పొగగొట్టాలు, నడుమ మేము. ఎండల విషయంలో మా ప్రాంతానికి రాష్ట్రమంతటా పేరుంది. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం మాకు వార్త కాదు. డిసెంబరు రాత్రి 10 డిగ్రీల దరిదాపులకు దిగితే అది వార్త. ఈ రెండు సంఖ్యలను విద్యార్థులు గుర్తుంచుకోవాలి. మున్ముందు వాటితో పని పడుతుంది.

మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక పెద్దాయన ఉంటారు. ముప్పై అయిదేళ్లు భూగర్భ గనిలో పనిచేసి పదవీ విరమణ చేశారు. ఇక్కడి కార్మికులు గనిని గని అనరు, 'బాయి' అంటారు. బతుకంతా బాయిలో చీకట్లో గడిపినవారికి పచ్చని చెట్టు మీద మక్కువ ఎక్కువగా ఉండడం నేను చాలామందిలో గమనించాను. మంథని దారిలో ఆయనకు అర ఎకరం పొలం ఉంది. ఒక సాయంత్రం ఆయన రంగుల కరపత్రం ఒకటి పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "సారూ, ఇండ్ల ఏం రాసిండ్రో జర చదివి చెప్పుండ్రి" అన్నారు. కరపత్రం నిండా నీలిరంగు పండ్ల గుత్తులు. ఏ నేలలోనైనా, ఏ వాతావరణంలోనైనా పెరిగే బ్లూబెర్రీ మొక్కలట. ఎకరానికి లక్షల ఆదాయమట. పండిన పంటనంతా తామే కొనుగోలు చేస్తారట. నేను దాన్ని ఆసాంతం చదివి వినిపించాను. మరొక పని కూడా చేశాను. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గు వేస్తుంది. అందులోని భాష చక్కగా ఉందని మెచ్చుకున్నాను! "మీరు చదివి బాగుందంటిరి గదా" అని ఆయన ఆ తరవాత ఒక్కనాడూ నన్ను ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచి ఉంటే నా మనసుకు కొంత తేలికగా ఉండేది.

ఆయన గ్రాట్యుటీ సొమ్ములో కొంత తీసి 200 మొక్కలు కొన్నారు. నవంబరులో నాటించారు. సంక్రాంతి నాటికి లేతాకులు పసుపురంగుకు తిరిగాయి. ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. బలం చాలలేదనుకుని యూరియా వేశారు. ఆకులు మరింత పాలిపోయాయి. శివరాత్రి దాటాక ఆకుల అంచులు మాడడం మొదలైంది. పైన ఆకుపచ్చ వలలు కట్టించారు. రెండు పూటలా నీళ్లు పెట్టించారు. మే నెలాఖరుకు 11 మొక్కలు మిగిలాయి. ఆ పదకొండూ ఆ సంవత్సరం పూయలేదు, మరుసటి సంవత్సరమూ పూయలేదు. కరపత్రం మీది ఫోను నంబరు అప్పటికే పలకడం మానేసింది.

నంది తిమ్మన 'పారిజాతాపహరణం'లో శ్రీకృష్ణుడు దేవలోకం నుంచి పారిజాత వృక్షాన్ని తెచ్చి సత్యభామ పెరట్లో నాటుతాడు. కావ్యంలో కాబట్టి చెల్లింది. అది నాటే ముందు ఎవరూ మట్టిని పరీక్షించనక్కర లేదు. నాకున్న చదువు అటువంటిది. వృక్షశాస్త్రం నాకు రాదు. అయినా ఆ వేసవి సెలవుల్లో మా కళాశాల వృక్షశాస్త్ర అధ్యాపకులను విసిగించి, పుస్తకాలు తెప్పించుకుని చదివాను.

మొదట నా కంటబడిన పేరు ఫ్రెడరిక్ కోవిల్. ఆయన అమెరికా వ్యవసాయ శాఖలో వృక్షశాస్త్రవేత్త. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో బ్లూబెర్రీ అక్కడ కూడా అడవి పండే. జనం పొదల నుంచి ఏరుకుని తినేవారు. తోటకు తెచ్చి నాటితే నిలదొక్కుకునేది కాదు. అందుకు కారణమేమిటో కోవిల్ 1910లో ప్రచురించిన పరిశోధనలో వివరించారు. సాధారణంగా మొక్కలన్నిటికీ మేలు చేసే సారవంతమైన తోటమట్టి ఈ పొదకు సరిపడదు. దీనికి ఆమ్లత్వం గల నేల కావాలి. తరవాత ఆయన మరొక విశేషాన్ని కూడా గమనించారు. చలికాలమంతా వెచ్చని గాజుగదిలో అపురూపంగా దాచిన పొదలు వసంతం వచ్చినా సరిగా మేలుకోలేదు. ఆరుబయట మంచులో ఉన్న పొదలు మాత్రం చక్కగా చిగిర్చి పూశాయి.

ఇది చదివినప్పుడు నాకు మాళవిక పాదం గుర్తుకు వచ్చింది. ఈ పొదకు దోహదం చలి!

ఎందుకు ఇలా జరుగుతుందో తెలుసుకోవడం కష్టం కాదు. శీతల దేశాల పొదలు వేసవి చివరనే మరుసటి సంవత్సరపు మొగ్గలను సిద్ధం చేసుకుని నిద్రలోకి జారుకుంటాయి. చలికాలం నడుమ నాలుగు రోజులు ఎండ కాసిందని మొగ్గ తొందరపడి విచ్చుకుంటే, వెనకనే వచ్చే మంచు దాన్ని చంపుతుంది. అందుచేత మొగ్గ ఎండను వెంటనే నమ్మదు. ముందు చలిని లెక్కపెట్టుకుంటుంది. సుమారు 0 నుంచి 7 డిగ్రీల మధ్య గడిచిన గంటలు తనకు చాలినన్ని పోగైన తరవాతే వెచ్చదనానికి కళ్లు తెరుస్తుంది. వీటిని చలిగంటలు అనవచ్చు. ఉత్తర అమెరికా శీతల ప్రాంతాల తోట బ్లూబెర్రీకి 800 నుంచి 1000 చలిగంటలు కావాలి. రాస్ప్‌బెర్రీ, బ్లాక్ కరెంట్ వంటి పొదల్లో చాలా రకాలకు అంతే కావాలి. కొన్నిటికి ఇంకా ఎక్కువ కావాలి. మా డిసెంబరు రాత్రి ఎక్కడ ఆగిపోతుందో పైన చెప్పాను. చలిగంటల పద్దులో మా జమ దాదాపు సున్నా.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి చెప్పాలి. మా నేల ఎల్లప్పుడూ ఇంత వేడిగా లేదు. సింగరేణి బొగ్గు పెర్మియన్ యుగానికి చెందినది. దాని వయస్సు ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది కోట్ల సంవత్సరాలు. అప్పుడు ఈ భూభాగం గోండ్వానా అనే మహాఖండంలో భాగంగా దక్షిణ ధ్రువం వైపు ఉండేది. బొగ్గు పొరలకు దిగువన కనిపించే తాల్చేరు శిలలు హిమానీనదాల కాలం నాటివి. ఆ మంచు కరిగిన తరవాత చల్లని చిత్తడి నేలల్లో గ్లాసోప్టెరిస్ అనే చెట్లు అడవులుగా పెరిగాయి. వాటి ఆకులు నాలుక ఆకారంలో ఉండేవి. ఏటా ఆకు రాల్చే చెట్లని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మన విద్యుత్ కేంద్రాల్లో మండుతున్నది ఆ చల్లని అడవే. ఈ మాట చెబితే మా పెద్దాయన ఆశ్చర్యపోలేదు. "బాయిల పైకప్పు రాయి మీద ఆకుల అచ్చులు సూసిన సారూ. ఈనెలు సుత కనవడ్తయి" అన్నారు. శీతల దేశపు చెట్ల నడుమ ముప్పై అయిదేళ్లు పనిచేసిన మనిషి ఆయన! అయితే నేల ఉత్తరానికి జరిగి వచ్చినప్పుడు చలి దాని వెంట రాలేదు. కరపత్రం రాసినవారికి దాన్ని తిరిగి తెచ్చే శక్తి లేదు.

చలి ఒక్కటే కాదు, ఈ పొదకు మట్టి విషయంలోనూ పట్టింపు ఉంది. నేల పీహెచ్ విలువ 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. మన నల్లరేగడి నేలల్లో అది చాలాచోట్ల 8 దాకా ఉంటుంది. 5కూ 8కీ మధ్య తేడా మూడే కదా అనిపిస్తుంది. కాని ఈ కొలతలో ఒక్కొక్క అంకెకు పదిరెట్ల తేడా. మూడంకెలంటే ఆమ్లత్వంలో వెయ్యిరెట్ల తేడా అన్నమాట. క్షారత్వం గల నేలలో ఇనుము ఉన్నా అది కరగదు, వేళ్లకు అందదు. ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపు తిరగడం ఇనుము అందలేదనడానికి గుర్తు. రోగం ఇనుముది కాగా, వేసిన మందు నత్రజనిది. పైగా ఈ మొక్క వేళ్లు సన్నగా, నేలకు పైపైనే ఉంటాయి. ఇతర మొక్కలకు ఉండే మూలకేశాలు దీనికి ఉండవు. ఒకరకమైన శిలీంధ్రాల సహాయంతో ఆహారం తీసుకుంటుంది. గంధకం వేసి నేలను మార్చవచ్చు. కాని సున్నపు పాలు ఎక్కువగా ఉన్న బోరునీటితో తడిపితే, మార్చిన నేల కొంతకాలానికి మళ్లీ మొదటికి వస్తుంది.

"అయితే పెరూ దేశం ఎట్లా పండిస్తున్నది సార్? అక్కడ మంచు పడదు గదా!" అని మా తరగతిలో ఒక అమ్మాయి అడిగింది. ఈ ప్రశ్నకు నేను సమాధానం దాటవేయదలచుకోలేదు. నా వాదానికి నిజమైన పరీక్ష ఇదే.

పెరూ కథకు మొదలు ఫ్లోరిడాలో ఉంది. అమెరికా దక్షిణాన ఉన్న ఆ రాష్ట్రంలో చలి తక్కువ. అక్కడి విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ షార్ప్ అనే శాస్త్రజ్ఞుడు 1950 ప్రాంతంలో పని మొదలుపెట్టారు. ఫ్లోరిడా అడవుల్లో ఏడాది పొడవునా ఆకు రాల్చని ఒక చిన్న బ్లూబెర్రీ పొద ఉంది. దానికి చలితో పెద్దగా పని లేదు. ఉత్తరాది పెద్ద పండును ఈ దక్షిణాది పొదతో సంకరపరిచి, పిల్ల మొక్కల్లోంచి మంచివాటిని ఎన్నుకుని, వాటిని మళ్లీ సంకరపరుస్తూ పోయారు. తొలి రకాలు రైతులకు అందేసరికి 1970లు సగం గడిచాయి. అంటే పాతికేళ్ల శ్రమ. ఆ తోవలో వచ్చిన రకాలే ఇవాళ వెచ్చని ప్రాంతాలకు చేరాయి. మిసిసిపీలో రూపొంది 1998లో విడుదలైన 'బిలాక్సీ' అనే రకం పెరూలో విరివిగా నాటారు. అక్కడి తీరపు ఎడారిలో కాలువల నీటిని బిందువులుగా అందిస్తూ, పొదను నిద్రపుచ్చకుండానే పండిస్తారు. 2020 నాటికి పెరూ బ్లూబెర్రీ ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. ఇది నిస్సందేహంగా గొప్ప విజయం.

కాని పెరూ తీరం వెచ్చనిదే తప్ప మాలాగా మండేది కాదు. దక్షిణం నుంచి వచ్చే హంబోల్ట్ శీతల ప్రవాహం ఆ తీరాన్ని చల్లబరుస్తుంది. ఉత్తర తీరంలోని ట్రుహీయో నగరంలో నడివేసవి పగళ్లు కూడా 30 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటాయి. 2023లో ఎల్ నినో వల్ల సముద్రం వేడెక్కినప్పుడు అక్కడ కూడా పూత దెబ్బతిని, ఆ ఏటి దిగుబడి బాగా పడిపోయింది. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. మొక్కకు చలి అక్కరలేకుండా చేయడం ఒక విద్య. దానికి 45 డిగ్రీల ఎండను తట్టుకునే శక్తి ఇవ్వడం మరొక విద్య. షార్ప్ మొదలైనవారు సాధించింది మొదటిది. కరపత్రాలు ఆ మొదటి విద్యను చూపి రెండోది కూడా తమ చేతిలో ఉన్నట్టు నమ్మిస్తున్నాయి.

మన తెలుగునేల మీద శీతల దేశపు పండు పండిన చోట్లు లేకపోలేదు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. శీతకాలంలో అక్కడి ఉష్ణోగ్రత కొన్ని రాత్రులు సున్నా దరిదాపులకు దిగుతుంది. ఆ ఊరికి 'కొర్రబయలు' అని మరొక పేరుంది. రాత్రి ఆరుబయట ఉండిపోయినవాడు తెల్లవారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని దాని భావమట. అక్కడ స్ట్రాబెర్రీ పండుతున్నది. మంచు చూడవచ్చిన యాత్రికులు తోటలోకే వెళ్లి పండ్లు కొనుక్కుంటారు. స్ట్రాబెర్రీ నిజానికి పొద కాదు, నేలను అంటుకుని ఉండే చిన్న మొక్క. వానలు వెనకపట్టగానే నాటితే డిసెంబరు నుంచి కాస్తుంది. ఎండలు ముదిరేలోగా పంట ముగుస్తుంది. మహాబలేశ్వరంలోనూ జరిగేది ఇదే. అంటే ఆ మొక్కకు మన నడివేసవిని చూపించకుండానే పంట తీస్తారు. ఆ వెసులుబాటు ఏళ్ల తరబడి ఒకేచోట బతకవలసిన బ్లూబెర్రీ పొదకు లేదు.

మాకు ఇంకా దగ్గరి ఉదాహరణ గోదావరికి ఆవల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో ఉంది. ధనోరా గ్రామంలో ఒక రైతు హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞుల సాయంతో ఆపిల్ పెంచారు. 2020లో ఆ తోట కాపుకు వచ్చింది. ఆ ప్రాంతానికీ మాకూ దూరం తక్కువే కాని, తెలంగాణలో చలికాలపు కనిష్ఠ ఉష్ణోగ్రతలు తరచుగా నమోదయ్యేది ఆ జిల్లాలోనే. ఇటువంటి వెచ్చని నేలల ఆపిల్ ప్రయత్నాలకు ఊపిరి పోసినవారిలో హిమాచల్ ప్రదేశ్ బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ ఒకరు. కొండల దిగువన, ఆపిల్ పండదనుకున్న చోట, తన పెరట్లో మొలిచిన ఒక మొక్కను ఆయన విడవకుండా పరిశీలించి 'హెచ్ఆర్ఎంఎన్-99' అనే రకాన్ని తయారు చేశారు. 2025లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆయన చేతిలో కరపత్రం లేదు, తన పెరటి మొక్క ఉంది.

ఎక్కడి మొక్క అక్కడే ఉండాలనే వాదం నాది కాదు. అలా అనుకుంటే మన వంటింట్లో మిరపకాయ మిగలదు. మిరప, వేరుసెనగ, జామ, బొప్పాయి, సీతాఫలం అన్నీ సముద్రాలు దాటి అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. అయితే అవి అక్కడి ఉష్ణప్రాంతాల నుంచి వచ్చాయి. వాటి కోరికను మన నేల తీర్చగలిగింది. కొత్త మొక్కను వద్దనడం అవివేకం. దాని కోరిక అడగకుండా తెచ్చుకోవడం అంతకంటె అవివేకం. కుతూహలం కొద్దీ కుండీలో రెండు మొక్కలు పెంచుకునేవారిని నేను వారించను. చలికాలంలో స్ట్రాబెర్రీ పెంచుకుంటే సంతోషిస్తాను. కాని ఒక కార్మికుడు జీవితాంతం కూడబెట్టుకున్న సొమ్మును ఈ ప్రయోగానికి ఒడ్డడం తప్పు. ఒడ్డమని పురికొల్పడం అంతకు మించిన తప్పు.

మందుసీసా మీద మోతాదు రాయనిదే అమ్మనివ్వం. శీతల ప్రాంతపు మొక్కను అమ్మేవారు దానికి ఎన్ని చలిగంటలు కావాలో, ఎటువంటి నేల కావాలో, ఎంత ఎండను తట్టుకుంటుందో మొక్కకు కట్టిన చీటీ మీద తెలుగులో రాసి తీరాలని నా అభిప్రాయం. కొనేవారు కూడా ఒక మాట అడగాలి: ఇంతటి ఎండ ఉన్నచోట ఇది మూడేళ్లు బతికి కాసిన తోట ఎక్కడుంది, చూపించగలరా? మాకు దగ్గరలోనే రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. పిడికెడు మట్టి తీసుకుని అక్కడికి వెళ్లి అడిగి ఉంటే 200 మొక్కల ఖరీదు మిగిలేది. కరపత్రం చదివిన నేనైనా ఆ సలహా ఇవ్వవలసింది.

బ్లూబెర్రీ చరిత్రలో నన్ను అన్నిటికంటె ఆకర్షించిన ఘట్టం ఇంకొకటుంది. కోవిల్ పరిశోధనను చదివిన ఎలిజబెత్ వైట్ అనే మహిళ న్యూజెర్సీలోని తమ వైట్స్‌బాగ్ వ్యవసాయ క్షేత్రంలో పని చేయడానికి ఆయనను ఆహ్వానించింది. మొక్కల కోసం ఆమె దూరదేశాలకు పోలేదు. తమ చుట్టుపక్కల అడవుల్లో పండ్లు ఏరుకుని బతికేవారిని పిలిచి, పెద్ద కాయలు కాసే పొదలు చూపించమని అడిగింది. చూపినవారికి డబ్బు ఇచ్చింది. అటువంటి పొదలకు వాటిని చూపినవారి పేర్లే పెట్టింది. 'రూబెల్' అనే రకం పేరు అలా వచ్చినదే. అది నేటికీ సాగులో ఉంది. 1916లో వారి తొలి పంట సంతకు వెళ్లింది. ఇవాళ మనం డబ్బాల్లో కొనుక్కునే ఖరీదైన పండు ఇలా పేదవారి అడవి పండు నుంచి పుట్టింది.

మరి మా అడవి పండ్ల సంగతేమిటి? తునికి, మొర్రి, పాల పండు, అల్లనేరేడు, పరికి, వాక్కాయ, రేగు. ఈ పేర్లు చెబితే మా తరగతిలో సగంమంది మొర్రిపండు చూడలేదన్నారు. దాని గింజలోని సారపప్పును మాత్రం పాయసంలో తిన్నామన్నారు. తునికి చెట్టు బీడీ ఆకు కోసమే గుర్తింపు పొందింది. లేతాకు రావాలని ఏటా కొమ్మ కొట్టే పొద పండు దాకా ఎక్కడ వస్తుంది? నేరేడుకు ముదురు ఊదారంగునిచ్చే ఆంథోసయనిన్లూ బ్లూబెర్రీకి నీలిరంగునిచ్చేవీ ఒక కుటుంబానివే. ఆ రంగు కోసమే కదా దాన్ని ఆరోగ్యఫలమని పొగుడుతున్నారు! మన పండ్లలో లోపాలు లేవని నేను అనను. గింజ పెద్దది, గుజ్జు తక్కువ, రెండో రోజుకే మెత్తబడతాయి. అడవి బ్లూబెర్రీ కూడా చిన్నదే. మంచి పొదను వెదికి ఎన్నుకునే పని జరిగినచోట మన పండ్లూ మారాయి. రేగులో గోలా, ఉమ్రాన్ రకాలు, వాక్కాయలో పంత్‌నగర్ విశ్వవిద్యాలయం ఇచ్చిన పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, నేరేడులో గోమా ప్రియాంక అలా వచ్చినవే.

ఓపెన్‌కాస్ట్ గనుల చుట్టూ తవ్విపోసిన మట్టిగుట్టలు మా ఊళ్ల పక్కన కొండల్లా లేచాయి. ఆ గుట్టల మీద మొక్కలు నాటుతున్నారు, మంచిదే. వాటిలో పండ్లిచ్చే మన పొదలకు ఇంకా ఎక్కువ చోటు ఇవ్వాలని నేను కోరుతున్నాను. వాక్కాయ ముళ్లపొద, నీరు తక్కువైనా, నేల రాతిదైనా ఓర్చుకుంటుంది. పశువులు దాని జోలికి పోవు. పిట్టలకూ పిల్లలకూ పండు దొరుకుతుంది. ఏ గుట్ట మీద ఏ పొద తీయని కాయ కాస్తుందో మేకలు కాచేవారికి తెలుసు. వైట్ అడిగిన ప్రశ్నను వారిని అడిగినవారు ఎంతమంది?

రేగు గురించి ఒక సంగతి తెలిసి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. ఇదీ నిద్రపోయే మొక్కే. కాని చలిలో కాదు, ఎండలో! ఏప్రిల్, మే నెలల్లో ఆకు రాల్చి మోడై నిలుస్తుంది. తోటవారు అప్పుడే దాని కొమ్మలు కత్తిరిస్తారు. తొలకరికి చిగిర్చి, ఆ కొత్త రెమ్మల మీద పూసి, సంక్రాంతి నాటికి భోగిపళ్లకు అందివస్తుంది. చలిదేశపు పొద మంచును చూసి కళ్లు మూసుకున్నట్టే ఇది మా మే నెలను చూసి కళ్లు మూసుకుంటుంది. దాని దోహదం మా ఎండే.

మా పెద్దాయన మిగిలిన 11 మొక్కలను కుండీల్లోకి మార్చి వేపచెట్టు నీడలో ఉంచారు. వాటిని పారేయడానికి ఆయనకు మనసొప్పలేదు. పొలం గట్టు చుట్టూ వాక్కాయ వేశారు. లోపల అంటు కట్టిన రేగు నాటారు. మొన్న వేసవిలో నన్ను వెంటబెట్టుకుని వెళ్లి చూపించారు. కొమ్మలు కత్తిరించిన మోడులు వరుసగా నిలబడి ఉన్నాయి, ఒక్క ఆకు లేదు. పాత దృశ్యం గుర్తుకు వచ్చి నా గుండె ఝల్లుమన్నది. "ఇవి కూడా ఎండిపోయినయా అన్నా?" అని అడిగాను.

ఆయన నవ్వి, "లేదు సారూ, పండుకున్నయి" అన్నారు.